శస్త్రచికిత్సకు ముందు చర్మశుద్ధి

శస్త్రచికిత్స అనగానే మనకు గుర్తు వచ్చేది వైద్యుని చేతిలోని కత్తి. కాని చాలాకాలము వరకు ఆ కత్తి కంటె ముందుగా రోగి ఒంటిని తాకిన కత్తి మరొకటి ఉండేది. అది క్షురకుని కత్తి. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో వయసు మళ్ళినవారిని ఎవరినైనా అడిగి చూడండి. ఆపరేషన్‌కు ముందురోజు సాయంకాలము ఆసుపత్రికి క్షురకుడు రావటము, కోయబోయే చోట వెంట్రుకలను నున్నగా గొరిగి పోవటము వారికి బాగా జ్ఞాపకము ఉంటుంది. అది శుభ్రతకు మొదటి మెట్టు అని వైద్యులూ నమ్మారు, రోగులూ నమ్మారు. ఆ నమ్మకము ఎలా పుట్టింది, ఎలా నిలిచింది, చివరకు ఎలా తారుమారు అయింది అన్నదే ఈ వ్యాసములోని విషయము.

2001లో మా నాన్నగారికి తెనాలిలోని ఒక చిన్న ఆసుపత్రిలో హెర్నియా ఆపరేషన్ జరిగింది. అప్పుడు నేను హైస్కూలులో చదువుతున్నాను. ముందురోజు సాయంత్రము క్షురకుడు వచ్చి, "కదలమాకండి బాబాయ్, ఒక్క నిమిషం" అంటూ పొత్తికడుపు, తొడ మొదలు గొరిగాడు. రెండు మూడు చోట్ల సన్నగా నెత్తురు చిమ్మింది. పటిక ముక్క తడిపి రుద్దాడు. "కానీవయ్యా" అని నాన్నగారు నవ్వారు. మరునాడు ఆపరేషన్ బాగానే జరిగింది. నాలుగవ రోజున కుట్ల చుట్టూ ఎర్రబడింది. ఆరవ రోజున చీము పట్టింది. వారములో ఇల్లు చేరవలసిన మనిషి నెల దాటినా కట్లు కట్టించుకుంటూనే ఉన్నారు. ఆ ఏడు మా పొలములో నాట్లు ఇతరుల చేత వేయించవలసి వచ్చింది. చేసిన అప్పు తీరటానికి రెండు పంటలు పట్టింది.

ఆ చీముకు గొరుగుడే కారణమని నేను చెప్పలేను. ఒక్క రోగిని చూసి కారణము నిర్ణయించటము శాస్త్రము కాదు. వేలమంది రోగులను లెక్కించినప్పుడు ఏమి తేలింది అన్నదే ముఖ్యము. ఆ లెక్క అప్పటికి ముప్పయి ఏళ్ళ క్రితమే తేలి ఉన్నదని కాలేజీలో పాఠము చెప్పటము మొదలుపెట్టిన తరువాతగాని నాకు తెలియలేదు.

చర్మములోని కాపురస్థులు

ముందుగా చర్మమును గురించి కొంత తెలుసుకుందాము. మన చర్మము శరీరానికి గోడ వంటిది. అది చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు బయటి క్రిములు లోపలికి చొరబడలేవు. కాని ఆ గోడమీదనే కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురము ఉంటున్నాయి. వీటిలో చాలావాటి వలన మనకు హాని లేదు. ఒకే క్రిమి చర్మముపైన ఉన్నంతకాలము సాధువుగా ఉండి, గాయములో ప్రవేశించినప్పుడు శత్రువుగా మారవచ్చును. ఆపరేషన్ గాయాలలో చీముకు తరచుగా కారణమయ్యే స్టెఫిలోకాకస్ జాతి క్రిములు ఇటువంటివే. అంటే శస్త్రవైద్యుడు భయపడవలసిన క్రిములలో చాలా భాగము గాలిలో నుండి వచ్చేవి కావు. రోగి తన వెంట తెచ్చుకున్నవే.

అమెరికా దేశములో ఫిలిప్ ప్రైస్ అనే శస్త్రవైద్యుడు చేతులను పదేపదే బ్రష్షుతో తోమించి, ఒక్కొక్క తోముడుకు ఎన్ని క్రిములు నీటిలోకి దిగుతున్నాయో లెక్కించాడు. చర్మముపై ఉండే క్రిములు రెండు తెగలని 1938లో ఆయన వివరించాడు. ఒక తెగ బయటినుండి వచ్చి అంటుకున్నది. సబ్బునీటితో కడిగితే పోతుంది. రెండవ తెగ చర్మపు పొరలలోను, వెంట్రుకల కుదుళ్ళలోను స్థిరపడినది. ఎంత తోమినా కొంత మిగులుతుంది, కొద్ది గంటలలో మరల పెరుగుతుంది. వరిచేలో కలుపు తీసే మన రైతుకు ఈ భేదము సులభముగా బోధపడుతుంది. పైపైన మొలిచిన గడ్డిని పీకివేస్తే పోతుంది. తుంగ అలా కాదు. పైన కోసినా నేలలో గడ్డ మిగిలి ఉండి తిరిగి మొలుస్తుంది.

కాబట్టి చర్మమును పూర్తిగా నిర్జీవము చేయటము సాధ్యము కాదు. కత్తిని, కత్తెరను ఆవిరిలో ఉడికించినట్లు మనిషి ఒంటిని ఉడికించలేము గదా! ఆపరేషన్ జరిగే కొద్ది గంటలపాటు క్రిముల సంఖ్యను వీలైనంత తగ్గించి ఉంచటమే చర్మశుద్ధి యొక్క ధ్యేయము.

పూర్వుల జాగ్రత్తలు

క్రిములు ఉన్నాయని తెలియని రోజులలో కూడ గాయము దగ్గర శుభ్రత అవసరమని మనవారు గుర్తించారు. వైద్యుడు గోళ్ళు, జుట్టు కత్తిరించుకొని శుచిగా ఉండాలని సుశ్రుత సంహిత విధించింది. గాయపడినవాడు ఉండే గదిలో ఆవాలు, వేపాకులు, ఉప్పు, నెయ్యి కలిపి పొగ వేయమని కూడ అందులో ఉన్నది. రేపల్లె దగ్గరి పల్లెలో పుట్టి పెరిగిన మా నాయనమ్మ, బాలింత ఉన్న గది గుమ్మానికి వేపమండలు కట్టనిదే ఎవరినీ లోపలికి పోనిచ్చేది కాదు.

మన పల్లెలలో సెగ్గడ్డలు కోసి చీము తీయటము, కట్లు కట్టటము వంటి చిన్న శస్త్రచికిత్సలు తరతరాలుగా నాయీబ్రాహ్మణుల చేతిలో ఉండేవి. ఆ ఇళ్ళలోని స్త్రీలు మంత్రసానులుగా పురుళ్ళు పోసేవారు. ఐరోపాలో కూడ మధ్యయుగములో క్షురకులే శస్త్రవైద్యులు. కనుక ఆసుపత్రులు వచ్చిన తరువాత కూడ క్షురకుడు ఆపరేషన్ గది గుమ్మము దాకా రావటములో వింత లేదు. ఈ కథలో ఆయన తప్పు ఏమీ లేదు. వైద్యులు చేయమన్న పనిని ఆయన నేర్పుగా చేశాడు.

లిస్టర్ తెచ్చిన మార్పు

1846 అక్టోబరు 16వ తేదీన బోస్టన్ నగరములో ఈథరు మత్తులో బహిరంగముగా ఆపరేషన్ చేసి చూపారు. ఆ మరుసటి ఏడు క్లోరోఫారము వచ్చింది. నొప్పి లేకుండా ఎంతసేపైనా కోయటానికి వీలు కలిగింది. కాని ఆపరేషన్లు పెరిగిన కొద్దీ గాయము కుళ్ళి చనిపోయేవారు కూడ పెరిగారు. 1847లోనే వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు తన విద్యార్థుల చేత క్లోరిన్ కలిసిన సున్నపు నీటితో చేతులు కడిగించి, ఆ ఏప్రిల్‌లో నూటికి 18 వరకు ఉన్న బాలింతల మరణాలను జూన్ నాటికి నూటికి 2కు తగ్గించాడు. అయినా ఆనాటి పెద్దలలో చాలామంది ఆయన మాట చెవిని పెట్టలేదు.

కుళ్ళుటకు కారణము సూక్ష్మజీవులేనని పాశ్చర్ చూపిన తరువాత, గ్లాస్గోలో శస్త్రవైద్యుడుగా ఉన్న జోసెఫ్ లిస్టర్ ఆ సూత్రమును గాయాలకు అన్వయించాడు. 1865 ఆగస్టు 12న బండిచక్రము క్రింద పడి కాలు విరిగిన జేమ్స్ గ్రీన్‌లీస్ అనే 11 ఏళ్ళ బాలుని గాయానికి కార్బాలికామ్లములో తడిపిన గుడ్డతో కట్టు కట్టాడు. ఇది తారునుండి తీసే పదార్థము. మురుగు కంపు పోగొట్టటానికి వాడుతుండేవారు. ఆరు వారాలలో బాలుని కాలు చీము పట్టకుండా అతుక్కున్నది. 1867లో లిస్టర్ తన అనుభవాలను ప్రకటించాడు. ఈ పద్ధతికి ముందు ఆయన చేసిన 35 అంగచ్ఛేదనలలో 16 మంది చనిపోయారు. తరువాతి 40 మందిలో చనిపోయినవారు 6 గురు మాత్రమే.

రోగి చర్మమును కూడ, 20 పాళ్ళకు 1 పాలు చొప్పున కార్బాలికామ్లము కలిపిన నీటితో లిస్టర్ తడిపేవాడు. ఆపరేషన్‌కు ముందు చర్మశుద్ధి అన్నది ఒక నియమముగా స్థిరపడటము ఇక్కడినుండే. ఆపరేషన్ జరిగే గది గాలిలోకి కూడ ఆయన ఆ మందును చిమ్మేవాడు. కాని గాలిలోని క్రిములకన్న చేతులమీద, పనిముట్లమీద, చర్మముమీద ఉన్న క్రిములే ముఖ్యమని అనుభవము మీద తేలింది. అప్పుడు ఆ పద్ధతిని తానే విడిచిపెట్టి, దానిని సిఫారసు చేసినందుకు సిగ్గుపడుతున్నానని 1890లో బాహాటముగా చెప్పాడు. తన పద్ధతిలో పొరపాటును తానే ఒప్పుకున్న ఈ ఉదాహరణను పాఠకులు గుర్తుంచుకోవాలి.

తెలుగునేలమీద

ఈ మార్పులు జరుగుతున్న కాలములోనే తెలుగుదేశములో కొత్త వైద్యము వేళ్ళూనింది. 1846లో హైదరాబాదులో వైద్యపాఠశాల ఏర్పడింది. తరువాత దానికి అధిపతి అయిన ఎడ్వర్డు లారీ, ఎడింబరోలోని సైమ్ అనే శస్త్రవైద్యుని పద్ధతిని అనుసరించినవాడు. ఆ సైమ్‌కే లిస్టర్ అల్లుడు. లారీ పూనికతో క్లోరోఫారము క్షేమమా కాదా అని విచారించే రెండు సంఘాలు 1888, 1889 సంవత్సరాలలో హైదరాబాదులో పరిశోధనలు జరిపాయి. నొప్పిని జయించటములో మన నగరము పేరు ఈ విధముగా ప్రపంచ వైద్యపత్రికలకు ఎక్కింది.

అప్పటికి తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలు కృష్ణా జిల్లాలో ఉండేవి. గుంటూరు జిల్లా ఏర్పడినది 1904లో. 1883లో అన్నా సారా కుగ్లర్ అనే అమెరికా లూథరన్ మిషను వైద్యురాలు గుంటూరు వచ్చారు. 1898లో అక్కడ స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచారు. 1930లో మరణించేవరకు ఆమె ఈ ప్రాంతాన్ని విడువలేదు. తరువాత తెనాలి, బాపట్ల మధ్యనున్న నిడుబ్రోలులో సాల్వేషన్ ఆర్మీవారి ఆసుపత్రి వచ్చింది. 1946లో గుంటూరు వైద్యకళాశాల స్థాపన జరిగింది. ఆ పిమ్మట తెనాలి మొదలైన పట్టణాలలోనే ఆపరేషన్లు చేసేవారు పెరిగారు. ఆ ఆసుపత్రులకు కత్తులతోపాటు గోధుమరంగు అయొడిన్ సీసా, స్పిరిటు సీసా కూడ వచ్చాయి.

మూడు మందుల కథ

అయొడిన్ సముద్రపు నాచులో దొరికిన మూలకము. 1811లో ఫ్రాన్సులో కూర్త్వా అనే రసాయనికుడు నాచు బూడిదపై ఆమ్లము పోసినప్పుడు ఊదారంగు ఆవిరి లేవగా చూసి దానిని కనిపెట్టాడు. దానిని ఆల్కహాలులో కరగించి, కోయబోయే చోట పొడి చర్మముమీద పూస్తే చాలునని 1908లో ఫ్యూమే నగరపు శస్త్రవైద్యుడు ఆంటోనియో గ్రోసిచ్ ప్రకటించాడు. ఆ నగరము నేడు క్రొయేషియాలోని రియెకా. ఆ పద్ధతి త్వరలోనే అనేక దేశాలలో వాడుకకు వచ్చింది. కాని టింక్చరు చర్మమును మండిస్తుంది, కొందరికి పొక్కిస్తుంది. 1950వ దశకములో అయొడిన్‌ను పోవిడోన్ అనే పదార్థముతో జత చేశారు. అందులోనుండి అయొడిన్ కొద్దికొద్దిగా విడుదల అవుతూ క్రిములను చంపుతుంది; మంట ఉండదు. మన ఆసుపత్రులలో కనిపించే గోధుమరంగు మందు ఇదే.

రెండవది ఆల్కహాలు. ఇది క్రిముల శరీరములోని మాంసకృత్తులను గడ్డకట్టిస్తుంది. స్వచ్ఛమైన ఆల్కహాలుకన్న నూటికి 70 పాళ్ళ ఆల్కహాలు ఎక్కువ పనిచేస్తుందని చెబితే విద్యార్థులు ఆశ్చర్యపోతారు. మాంసకృత్తులు విరిగి గడ్డకట్టటానికి కొంత నీరు కూడ కావాలి. అందువలననే ఈ తేడా. ఆల్కహాలు త్వరగా చంపుతుంది, త్వరగా ఆరిపోతుంది. ఆరిన తరువాత దాని ప్రభావము మిగలదు.

మూడవది క్లోర్‌హెక్సిడిన్. మలేరియా మందులకోసము ఇంగ్లండులో జరిగిన పరిశోధనల నుండి పుట్టి, 1954లో వాడుకకు వచ్చింది. దీని అణువులకు ధనవిద్యుదావేశము ఉంటుంది. క్రిముల పైపొర ఋణావేశము గలది. అందువలన ఇది క్రిమిని అంటిపెట్టుకొని ఆ పొరను ఛిద్రము చేస్తుంది. చర్మమునకు కూడ అంటుకొని గంటల తరబడి పనిచేస్తుంది. ఆల్కహాలుతో కలిపితే ఒకటి త్వరగాను, రెండవది నిలకడగాను పనిచేస్తాయి.

వీటిలో ఏది మేలు? 2010లో అమెరికాలో 849 మంది రోగులపై జరిగిన పరీక్షలో, నీటిలో కలిపిన పోవిడోన్ అయొడిన్ పూసినవారిలో నూటికి 16.1 మందికి, ఆల్కహాలు కలిసిన క్లోర్‌హెక్సిడిన్ పూసినవారిలో 9.5 మందికి గాయము చెడింది. కాని 2021లో వెలువడిన మరొక పరీక్షలో మనదేశముతో సహా 7 దేశాలకు చెందిన 5,788 మంది రోగులు పాల్గొన్నారు. అందులో ఈ రెండు మందుల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. మొత్తము మీద నూటికి 22 మందికి గాయము చెడింది. మందు ఒక్కటే మారిస్తే సరిపోదని దీనివలన తెలుస్తున్నది.

కత్తిమీద విచారణ

ఇప్పుడు క్షురకుని కత్తి సంగతికి వద్దాము. వెంట్రుకలలో మురికి ఉంటుంది, కాబట్టి వాటిని తీసివేయాలి అన్న ఆలోచన పైకి సబబుగానే కనిపిస్తుంది. నున్నని చర్మము కంటికి శుభ్రముగా కూడ ఉంటుంది. అందువలన దశాబ్దాలపాటు ఎవరూ దానిని లెక్కకట్టి పరీక్షించలేదు.

1971లో సెరోపియన్, రేనాల్డ్స్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు ఈ లెక్క కట్టారు. కత్తితో గొరిగినవారిలో నూటికి 5.6 మందికి గాయము చెడింది. వెంట్రుకలను మందుతో రాల్చినవారిలోను, అసలు తీయనివారిలోను నూటికి 0.6 మందికి మాత్రమే చెడింది. అంతకన్న ముఖ్యమైనది వేళను గురించిన సంగతి. ఆపరేషన్‌కు సరిగా ముందు గొరిగితే నూటికి 3.1, ముందటి 24 గంటలలో గొరిగితే 7.1; అంతకన్న ముందే గొరిగితే 20కి పైగా! ముందురోజు సాయంకాలమే పని ముగించుకోవటము మంచి ఏర్పాటు అని ఆసుపత్రులన్నీ అనుకుంటూ వచ్చాయి. అది ప్రమాదాన్ని పెంచే ఏర్పాటు అయింది.

1973లో కెనడాకు చెందిన క్రూజ్, ఫోర్డ్ అనే వైద్యులు 23,649 ఆపరేషన్ గాయాలను పరిశీలించి ప్రకటించిన లెక్క కూడ ఇదే దారిన ఉన్నది. గొరిగినవారిలో నూటికి 2.3, కత్తిరించినవారిలో 1.7, ఏదీ చేయనివారిలో 0.9 మందికి గాయము చెడింది.

కారణము ఏమిటి? ఎంత నేర్పరి గొరిగినా కత్తి చర్మముపై కంటికి కనపడని గాట్లు పెడుతుంది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసినప్పుడు ఆ గాట్లు స్పష్టముగా కనిపించాయి. వాటినుండి ఊరిన రసిలో, వెంట్రుకల కుదుళ్ళలోని క్రిములు రాత్రికి రాత్రి వృద్ధి అవుతాయి. తెల్లవారి శస్త్రవైద్యుడు పైన మందు పూసినా, ఆ గాట్ల అడుగున ఉన్నవి మిగిలిపోవచ్చును. తుంగ గడ్డలను పైకి తెచ్చి, నీరు పెట్టి, ఆ తరువాత విత్తనము చల్లినట్లే ఇది!

2016లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించిన సూత్రాలు ఈ విషయములో స్పష్టముగా ఉన్నాయి. వెంట్రుకలు తీయకుండా ఉండటమే మంచిది. తప్పనిసరి అయితే క్లిప్పరుతో కత్తిరించాలి. క్లిప్పరు అంటే తల వెంట్రుకలు పొట్టిగా కత్తిరించే యంత్రము వంటిదే. దాని అంచు చర్మమును కోయదు. కత్తితో గొరగటము ఎప్పుడూ కూడదు. ఆపరేషన్‌కు ముందు సబ్బుతో స్నానము చేయించటము మంచిది. కోయబోయే చోట ఆల్కహాలు కలిసిన క్లోర్‌హెక్సిడిన్ మందు పూయాలని కూడ ఆ సూత్రాలలో ఉన్నది.

మనము చేయవలసినది

మందు పూయటములో కూడ కొన్ని మెలకువలు కలవు. పూసిన మందును ఆరనివ్వాలి. తడి ఆరకముందే కోస్తే క్రిములు చావటానికి వ్యవధి చాలదు. పైగా ఆల్కహాలు ఆవిరి ఉండగా విద్యుత్తుతో రక్తనాళాలను మాడ్చే పరికరము వాడితే నిప్పు అంటుకొనే ప్రమాదము ఉన్నది. నీళ్ళు కలిపి రోజుల తరబడి మూత సరిగా లేకుండా ఉంచిన మందులో క్రిములే పెరగవచ్చును. ఈ జాగ్రత్తలు ఖర్చుతో కూడినవి కావు.

2022 ఏప్రిల్ 4న బాపట్ల కేంద్రముగా కొత్త జిల్లా ఏర్పడింది. రేపల్లె అందులో చేరింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. ఆ మరుసటి ఏడు మా అమ్మగారికి బాపట్లలో పిత్తాశయపు ఆపరేషన్ జరిగింది. ముందురోజు సాయంత్రము క్షురకుడు వస్తాడేమోనని నేను కాచుకొని ఉన్నాను. ఎవరూ రాలేదు. ఉండబట్టలేక నర్సును అడిగాను. "ఇప్పుడు గొరగటం లేదండీ. అవసరమైతే పొద్దున మిషనుతో కత్తిరిస్తాం. అమ్మగారికి ఈ రాత్రి, రేపు పొద్దున సబ్బుతో స్నానం చేయించండి చాలు" అన్నది. నేను పుస్తకాలు తిరగవేసి తెలుసుకున్న సంగతిని ఆ అమ్మాయి రెండు ముక్కలలో చెప్పింది. అమ్మగారు అయిదవ రోజున ఇంటికి వచ్చారు.

అయితే అన్నిచోట్లా ఇదే మార్పు వచ్చిందని అనుకోరాదు. ఇంటినుండే గొరిగించుకొని రమ్మని చెప్పినవారిని, ఆసుపత్రికి పోయేముందు శుభ్రముగా ఉండాలని తామే గొరుక్కొని పోయినవారిని నేను ఎరుగుదును. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ నిశ్చయమైనప్పుడు, వెంట్రుకలు తీయవలసిన అవసరము ఉన్నదా, ఉంటే దేనితో తీస్తారు, ఎప్పుడు తీస్తారు అని మర్యాదగా అడగటానికి సంకోచించవద్దు. ముందురోజు కత్తి పట్టుకోవద్దు. సబ్బు, నీరు, ఉతికిన బట్టలు — ఇంటి దగ్గర మనము చేయగలిగిన చర్మశుద్ధి ఇంతే. మిగిలినది వైద్యుల పని.